జర్మనీలో ఆదివారం ఏం చేస్తారు మీరంతా?

ఎల్బేగట్టు_గుంటూరోడు
అందరికీ నమస్తే. మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నా, మొన్న అక్టోబరులో దిగాను. సోమవారం నుంచి శనివారం దాకా ఏదోలా గడిచిపోతోంది, క్లాసులు, లైబ్రరీ, వంట, ట్రామ్. ఆదివారం వస్తే మాత్రం ఏం చేయాలో తోచట్లేదు. షాపులన్నీ బంద్, రోడ్డు మీద మనిషి కనపడడు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి, రూమ్మేట్లేమో పడుకుని లేవరు. పోయిన ఆదివారం కూర పొయ్యి మీద పెట్టాక చూస్తే ఉప్పు ప్యాకెట్ ఖాళీ, పక్క ఫ్లాట్ తలుపు కొట్టి అడగొచ్చో లేదో తెలియక ముగ్గురం చప్పిడి కూరే తిన్నాం. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఆదివారం కదరా, చికెన్ తెచ్చుకున్నారా" అని అడుగుతుంది, ఏం చెప్పాలి. ఇది నాకొక్కడికేనా, అందరికీ ఇంతేనా? ఫిబ్రవరిలో పరీక్షలు, ఆ టెన్షన్ వేరే.

పప్పుచారు_89
తమ్ముడూ, అందరికీ ఇంతే. బెర్లిన్‌లో చదివి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాను, మొదటి చలికాలం నాకూ ఇలాగే నడిచింది. షాపులవాళ్లు బద్ధకంతో మూసేయరు, వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం ఆదివారాన్నీ పండగ రోజుల్నీ విశ్రాంతి దినాలుగా కాపాడాలంది, ఇప్పటి రాజ్యాంగం 140వ అధికరణంలో దాన్ని యథాతథంగా ఉంచుకున్నారు. ఏడాదికి కొన్ని ఆదివారాలు తెరవడానికి అనుమతిస్తే దాని మీద కూడా యూనియన్లు, చర్చిలు కోర్టుకి పోతుంటాయి. కాబట్టి మారుతుందని ఎదురుచూడకు, శనివారం సాయంత్రమే సరుకులు తెచ్చి పెట్టుకో.

మరీ అవసరమైతే మూడు దారులు. పెద్ద రైల్వే స్టేషన్లలో షాపులు ఆదివారం కూడా ఉంటాయి, బెర్లిన్ సెంట్రల్ స్టేషన్‌లో అయితే సూపర్ మార్కెట్టే తెరిచి ఉంటుంది, ఆ క్యూ చూస్తే తిరుమల గుర్తొస్తుంది. రెండు, పెట్రోల్ బంకులు, రేటు మాత్రం మండుతుంది. మూడు, బేకరీలు పొద్దున కొన్ని గంటలు తెరుస్తాయి. ఉప్పు అడగడానికి పక్కింటికి నిరభ్యంతరంగా వెళ్లొచ్చు, మధ్యాహ్నం రెండింటికో మూడింటికో వెళ్లు, "హలో" అని నవ్వి గిన్నె చూపించు. ఉప్పు లేదని ఎవరూ పోలీసుల్ని పిలవరు.

ఆఖన్_అక్క
నేను ఆఖన్‌లో ఉంటాను, మాకు ఈ ఆదివారం గోల లేదు :) సిటీ బస్సెక్కితే వాల్స్ వస్తుంది, అది నెదర్లాండ్స్, అక్కడ సూపర్ మార్కెట్లు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి. మా బ్యాచ్ సగం అక్కడే కనపడుతుంది, కూరగాయల సంచులతో. ఆ ఊరి పక్కనే మూడు దేశాల సరిహద్దు కలిసే గుట్ట ఉంది, జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, మా అత్తయ్యకి ఫొటో పంపితే "వీసా ఎవరూ అడగలేదా" అని మూడుసార్లు అడిగింది.

మాగ్డెబుర్గ్‌కి ఆ సౌకర్యం లేదు కానీ, తమ్ముడూ, ఆదివారం బోరు అనేది షాపులకి సంబంధించిన సమస్య అనుకోను నేను. ఇండియాలో ఆదివారం అంటే ఎవరో ఒకరు ఇంటికి రావడం, మనం ఒకరింటికి పోవడం. ఇక్కడ ఎవరూ చెప్పకుండా రారు, వారం ముందు మెసేజ్ పెట్టి టైమ్ మాట్లాడుకుంటారు. ఆ పద్ధతి అలవాటయ్యేదాకా ఆదివారం ఖాళీగానే ఉంటుంది. గురువారం నాడే ఎవరినో ఒకర్ని అడిగేసెయ్, "ఆదివారం మూడింటికి నడుద్దామా" అని. జర్మన్ క్లాస్‌మేట్‌ని అడిగినా సరే. వాళ్లు డైరీ తీసి చూసి సరే అంటే నిజంగా వస్తారు, మూడంటే మూడింటికే వస్తారు.

నల్గొండ_నుంచి
అందరూ ఫిలాసఫీ చెప్తున్నరు. నేను శనివారం రాత్రి దాకా గోడౌన్‌లో పని చేస్తా, ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి లేస్త, బియ్యం కడుగుత, తింట, మళ్ల పడుకుంట. నాకు ఆదివారం బంద్ ఉండుడే మంచిగుంది, లేకపోతే ఆ రోజు కూడా షిఫ్ట్ వేద్దురు. లోన్ ఉన్నోడికి బోర్ కొట్టదు భయ్యా.

ఎల్బేగట్టు_గుంటూరోడు
@నల్గొండ_నుంచి అన్నా, నాకూ లోన్ ఉంది. పని దొరికితే నేనూ చేస్తా. ఇక్కడ జర్మన్ రాకపోతే ఎవరూ తీసుకోవట్లేదు. డెలివరీ పని ఉందని ఒకతను చెప్పాడు, సొంతంగా రిజిస్టర్ చేసుకోవాలట, చేరొచ్చా?

పప్పుచారు_89
ఆగు, చేరకు. స్టూడెంట్ పర్మిట్ మీద ఉద్యోగిగా పని చేయొచ్చు, సొంత వ్యాపారం లెక్కన చేయాలంటే విదేశీయుల ఆఫీసు నుంచి విడిగా అనుమతి కావాలి. కంపెనీ కాంట్రాక్టు ఇచ్చి, జీతం స్లిప్ ఇచ్చి, ఇన్సూరెన్స్ కట్టే పని అయితేనే చూడు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయొచ్చు, దానికి ముందు 120, 240 ఉండేది. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటితే స్టూడెంట్ ఇన్సూరెన్స్ రేటు కూడా పోతుంది. యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్ పని దొరికితే అది ఈ రోజుల లెక్కలోకి రాదు, ఇంగ్లిష్‌తో నడుస్తుంది, డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులు, వెబ్‌సైట్ చూడు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 13.90 యూరోలు, దానికి తక్కువ చేతికిస్తామనే వాళ్ల దగ్గరికి పోవద్దు.

@నల్గొండ_నుంచి నువ్వు రోజులు లెక్క రాసుకుంటున్నావా లేదా?

నల్గొండ_నుంచి
రాస్తున్న అన్నా, ఎక్సెల్‌ల ఉంది. సగం రోజు, పూర్తి రోజు రంగులు వేరే పెట్టిన.

సీమమిరప
ఆదివారం గురించి ఎవరూ అసలు సంగతి చెప్పట్లేదు. మిక్సీ!!! మాది కర్నూలు, ఆదివారం పొద్దున దోసెపిండి రుబ్బకపోతే మాకు తెల్లారదు. వచ్చిన కొత్తలో మా ఫ్లాట్‌మేట్ ఎనిమిదింటికి మిక్సీ వేసింది, మూడు రౌండ్లు. మర్నాడు తలుపుకి చీటీ అంటించి ఉంది, మొత్తం జర్మన్, కింద రెండు గీతలు గీసి మరీ. ఫోన్‌తో అనువాదం చేసుకుంటే తెలిసింది, ఆదివారం రోజంతా రూహెత్సైట్, అంటే నిశ్శబ్దంగా ఉండాల్సిన సమయమట, మామూలు రోజుల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. గోడకి మేకు కొట్టకూడదు, డ్రిల్లింగ్ వద్దు, ఖాళీ సీసాలు వీధి చివరి గాజు డబ్బాలో వేయడం కూడా ఆదివారం కుదరదు, చప్పుడని. మిక్సీ అంటే ఒక్క నిమిషమేగా అని వాదించొచ్చు, కానీ మన మిక్సీ 750 వాట్లు, వాళ్ల చెవులకి అది ట్రాక్టరు.

ఇప్పుడు శనివారం సాయంత్రం ఐదింటికి రుబ్బేస్తాం. చలికి పిండి పులవదు, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా లోపల పెట్టండి, పొద్దునకి పొంగుతుంది. హీటర్ పక్కన పెట్టి పొద్దునకి నేలంతా పిండి చేసుకున్న మహానుభావులు మా బ్లాక్‌లోనే ఉన్నారు.

ఇంకోటి, పోపు. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగుతుంది. ముందే కిటికీ తెరిచి పోపు పెట్టండి, ఎంత చలైనా సరే. మా హాస్టల్‌లో ఒకసారి కారిడార్ అలారం మోగి ఫైర్ ఇంజన్ వచ్చేసింది, పదకొండు మంది చెప్పుల్లేకుండా మంచులో నిలబడ్డాం, లోపల పప్పు మాత్రం బాగా కుదిరింది.

ఓడరేవు_పిల్ల
@సీమమిరప పప్పు బాగా కుదిరింది 😂😂

హాంబుర్గ్ నుంచి. మాకు ఆదివారం పొద్దున చేపల సంత ఉంటుంది, 1703 నుంచీ నడుస్తోందంటారు, చలికాలం ఏడింటికి మొదలై తొమ్మిదిన్నరకి ముగుస్తుంది. చేపలే కాదు, పళ్లు బుట్టలకి బుట్టలు కేకలేసి అమ్ముతారు, ఆఖర్లో వెళ్తే ఇంకా చవక. జర్మన్లు కేకలేయడం చూడాలంటే అదొక్కటే చోటు. విశాఖ దాన్ని కదా, ఆ వాసన తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. హాంబుర్గ్ వచ్చేవాళ్లుంటే శనివారం రాత్రి రైలుకి వచ్చి పొద్దున్నే వెళ్లండి.

నిజాంసాగర్_నీళ్లు
కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్క మాట, టాపిక్‌కి సంబంధం లేదు, క్షమించండి. ఇక్కడ చాలా బాత్రూముల్లో నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. బకెట్, మగ్గు పెట్టుకుని బయట నిలబడి పోసుకుంటే నీళ్లు కింద ఫ్లాట్ సీలింగ్‌లోంచి కారతాయి. మా బిల్డింగ్‌లో పై ఫ్లాట్‌లోనూ కింది ఫ్లాట్‌లోనూ తెలుగు అబ్బాయిలే ఉండి ఇదే జరిగింది, బిల్లు ఎవరు కట్టాలన్న పంచాయితీ ఇంకా తెగలేదు. షవర్ తొట్టి లోపలే స్నానం చేయండి, అయ్యాక కిటికీ పూర్తిగా పది నిమిషాలు తెరవండి, లేకపోతే గోడలకి బూజు వస్తుంది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోస్తారు. హాఫ్టుఫ్లిష్ట్ అని ఒక ఇన్సూరెన్స్ ఉంటుంది, పొరపాటున ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం చేస్తే కడుతుంది, చవకే, తీసుకోండి. బిల్డింగ్ తాళం పోగొట్టుకుంటే కూడా కొన్నింటిలో వర్తిస్తుంది, తాళం చెవి ఖరీదు తెలిస్తే గుండె ఆగుతుంది.

ఎల్బేగట్టు_గుంటూరోడు
బాప్ రే. మేము ముగ్గురం బకెట్ బ్యాచే. ఈ రోజే ఆపిస్తా.

ఇంకో విషయం అడగాలి, ఉత్తరం వచ్చింది, రేడియో టీవీ పన్ను కట్టమని. మా ఇంట్లో టీవీ లేదు. ముగ్గురికీ విడివిడిగా మూడు ఉత్తరాలు. ఇది మోసమా?

ఆఖన్_అక్క
మోసం కాదు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింత అని కట్టాలి, నెలకి 18.36 యూరోలు. ఇంటికి ఒక్కరు కడితే చాలు, మనిషికి కాదు. ఒకరి పేరు మీద నమోదు చేసి, మిగతా ఇద్దరూ ఆ నంబరు రాసి జవాబు పంపండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి, ఇక్కడ పోస్టులో వచ్చే ఏ ఉత్తరాన్నీ పక్కన పడేయొద్దు, వాళ్లకి ఈమెయిల్ కంటే కాగితమే ముఖ్యం. పోస్టు డబ్బా మీద ముగ్గురి ఇంటిపేర్లూ ఉన్నాయా? లేకపోతే బ్యాంకు కార్డు, రెసిడెన్స్ పర్మిట్ ఉత్తరాలు వెనక్కి పోతాయి.

కాకినాడ_కాజా
నాది వేరే అభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నలుగురు తెలుగువాళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉంటే ఆదివారమే కాదు, ఏ రోజూ జర్మనీలో ఉన్నట్టు ఉండదు. పొద్దున లేస్తే మన వంట, మన సినిమాలు, మన రాజకీయాలు, రాత్రికి కులాల గొడవ కూడా. రెండేళ్లు ఇలా గడిపి చివర్లో ఇంటర్వ్యూలో జర్మన్‌లో రెండు ముక్కలు మాట్లాడలేక కూర్చున్నవాళ్లని చాలామందిని చూశాను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు పర్మిట్ ఇస్తారు, ఆ పద్దెనిమిది నెలలు భాష మొదలుపెట్టడానికి కాదు. వేరేవాళ్లతో ఉండే షేరింగ్ ఫ్లాట్‌కి మారు, మున్సిపాలిటీ నడిపే ఫోల్క్స్‌హోఖ్‌షూలేలో సాయంత్రం జర్మన్ క్లాసులు చవక, చేరు. ఆదివారం సంగతి దానంతట అదే తేలుతుంది.

నల్గొండ_నుంచి
@కాకినాడ_కాజా మారు అని ఈజీగా అంటరు. నేను ముప్పై రూములకి మెసేజ్ పెడితే రెండే జవాబులు వచ్చినయి, ఒకటి ఇంటి ఓనర్ విదేశాల్లో ఉన్నడట, డిపాజిట్ పంపితే తాళం పోస్టుల వస్తదట. అది పక్కా మోసం. చివరికి రూము ఇచ్చింది తెలుగు సీనియరే. జ్వరం వస్తే గంజి పెట్టింది కూడా వాళ్లే, మీ జర్మన్ ఫ్లాట్‌మేట్ కాదు.

కాకినాడ_కాజా
గంజి పెట్టడాన్ని నేనెక్కడ తప్పు పట్టాను? ఇద్దరం ఒకే మాట వేరేలా చెప్తున్నాం. మొదటి సెమిస్టర్ మనవాళ్లతో ఉండండి, మూడో సెమిస్టర్ కూడా అక్కడే ఉంటేనే నష్టం అంటున్నా. నా ఫ్లాట్‌మేట్ ఒక పోలండ్ అమ్మాయి, నాకు జ్వరం వస్తే తేనె, నిమ్మకాయ, ఇంకేదో ఆకు వేసి టీ పెట్టింది. గంజి అంత బాగోలేదు, ఒప్పుకుంటా.

ఆఖన్_అక్క
జ్వరం మాట వచ్చింది కాబట్టి, రాత్రిపూటో ఆదివారమో డాక్టర్ కావాలంటే 116117కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికి వస్తేనే 112. అది తెలియక ఆదివారం హాస్పిటల్ ఎమర్జెన్సీలో ఆరేడు గంటలు కూర్చునేవాళ్లు చాలామంది. డాక్టర్ "టీ తాగండి, పడుకోండి" అంటే కోపం తెచ్చుకోకండి, ఇక్కడ జలుబుకి యాంటీబయాటిక్ రాయరు.

@కాకినాడ_కాజా నువ్వు చెప్పింది నిజమే కానీ అతనికి ఫిబ్రవరిలో పరీక్షలు, ఇప్పుడు ఇల్లు మారమనడం బాగోలేదు.

పప్పుచారు_89
పరీక్షల గురించి ఇది మాత్రం చదువు తమ్ముడూ. పరీక్షకి విడిగా రిజిస్టర్ అవ్వాలి, క్లాసులకి వెళ్తున్నాం కదా అంటే చెల్లదు, గడువు దాటితే ఆ సెమిస్టర్‌కి ఇక అంతే. ఇప్పుడే పోర్టల్‌లో చూడు. చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకి మూడు అవకాశాలే, మూడోసారీ పోతే కోర్సు నుంచే తీసేస్తారు, జర్మనీలో ఇంకెక్కడా అదే కోర్సులో చేరనివ్వరు. మన దగ్గర బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని చివర్లో ఒకేసారి ఊడ్చేసినట్టు ఇక్కడ కుదరదు. అలా అని భయపడి మొదటి సెమిస్టర్‌లోనే ఆరు సబ్జెక్టులు రాయక్కర్లేదు, తయారుగా లేని దాన్ని గడువులోపల విత్‌డ్రా చేసుకో, ఆ రోజు జ్వరం వస్తే డాక్టర్ సర్టిఫికెట్ పంపు. మార్కులు ఇక్కడ తలకిందులు, 1.0 అంటే ఫస్టు, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 ఫెయిల్. మా నాన్నకి 1.3 వచ్చిందంటే "ఎన్నింటికి రా" అని దిగాలుపడ్డాడు.

పాత ప్రశ్నపత్రాలు విద్యార్థి సంఘం దగ్గర దొరుకుతాయి, ఫాఖ్‌షాఫ్ట్ అంటారు, వెళ్లి అడుగు.

ఓడరేవు_పిల్ల
గుంటూరోడు గారూ, ఒకటి అడగనా? మీ పోస్టులో ఉప్పు సంగతి చదివి నవ్వుకున్నా కానీ, చీకటి గురించి రాసింది మామూలుగా తీసుకోకండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి జనవరిలో క్లాసులకి రావడం మానేసింది, అందరం చదువుకుంటోందేమో అనుకున్నాం. ఇంట్లోవాళ్లకి ఫోన్‌లో బాగున్నానని చెప్పేది. విద్యార్థుల సంక్షేమ సంస్థ ఉంటుంది కదా, మెన్సా క్యాంటీన్ నడిపేవాళ్లే, వాళ్ల దగ్గర కౌన్సెలింగ్ ఉచితం, చాలాచోట్ల ఇంగ్లిష్‌లో కూడా మాట్లాడతారు. తనని అక్కడికి తీసుకెళ్తే కొన్ని వారాలకి మనిషైంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం ఉంటే ఆగొద్దు. అంత లేదు, వట్టి బోరే అంటే పొద్దున పదకొండు నుంచి రెండింటి మధ్య, వెలుగుండగా, తప్పకుండా బయట నడవండి, వర్షమైనా సరే.

ఎల్బేగట్టు_గుంటూరోడు
థాంక్యూ అండీ. అంత దూరం పోలేదు, నిద్ర బాగానే పడుతోంది, ఎక్కువే పడుతోంది. కాకపోతే ఇక్కడ సాయంత్రం ఐదయ్యేసరికి ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర, అమ్మావాళ్లు పడుకునే టైము. ఫోన్ పెట్టేశాక ఆ మిగిలిన సాయంత్రమే కష్టం.

పరీక్ష రిజిస్ట్రేషన్ చూశాను, ఒక సబ్జెక్టుకి గడువు ఈ శుక్రవారమే!! పప్పుచారు అన్నా, నీకు దణ్ణం.

పప్పుచారు_89
దణ్ణాలు వద్దు, బెర్లిన్ వచ్చినప్పుడు కందిపొడి తీసుకురా.

ఇంతకీ నీకు జర్మనీ టికెట్ ఉందా, దేశమంతా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సుల్లో చెల్లే నెల పాసు, సెమిస్టర్ ఫీజులో కలిసి వచ్చేది? విడిగా కొనేవాళ్లకి 2023లో నెలకి 49 యూరోలు ఉండేది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది, స్టూడెంట్లకి తక్కువలో పడుతుంది. ఉంటే ఆదివారం ఇంట్లో కూర్చోవడమేంటి? మాగ్డెబుర్గ్ నుంచి హార్ట్స్ కొండలు దగ్గర. వెర్నిగెరోడె దాకా ప్రాంతీయ రైలు, ఆ టికెట్‌తోనే వెళ్లొచ్చు. పాత చెక్క ఇళ్లు, పైన కోట, ఈ నెలలో మంచు. అక్కడి నుంచి బ్రోకెన్ కొండ మీదికి పొగబండి వెళ్తుంది, 1,141 మీటర్లు, దానికి మాత్రం నీ టికెట్ చెల్లదు, రేటు ఎక్కువ. షీర్కె దాకా బస్సులో వెళ్లి నడిచి ఎక్కేవాళ్లు చాలామంది, కానీ జనవరిలో మంచి బూట్లు లేకుండా వద్దు, పైన గాలి మామూలుగా ఉండదు.

సీమమిరప
మేము హాలె నుంచి నలుగురం రెడీ. ఈ ఆదివారమేనా? పులిహోర నేను కలుపుతా, ఆకలేస్తే అక్కడ గుప్పెడు బంగాళాదుంప వేపుడు ముక్కలు అంత రేటు పెట్టి కొనుక్కోలేం.

నల్గొండ_నుంచి
నాకు షిఫ్ట్ శనివారం రాత్రి పదింటికి అయిపోతది. ఎన్నింటికి రైలు? పదకొండు తర్వాతిది అయితే వస్త.

ఎల్బేగట్టు_గుంటూరోడు
రూమ్మేట్లని లేపగలిగితే మేము ముగ్గురం. నాకు బూట్లు లేవు, స్పోర్ట్స్ షూ ఉంది, ఊళ్లో తిరగడానికి సరిపోతుంది కదా? కొండెక్కను. పదకొండు తర్వాత రైలైతే అక్కడికి చేరేసరికి ఒంటి గంట దాటుతుంది అన్నా, నాలుగున్నరకి చీకటి. పొద్దున తొమ్మిదింటి రైలు చూద్దాం, నువ్వు బండిలో పడుకో.

నల్గొండ_నుంచి
సరే. సీటు పట్టుండ్రి.

కొత్తసభ్యుడు_ఒంగోలు
హాయ్ అన్నలూ అక్కలూ, నేను ఇంకా ఇండియాలోనే ఉన్నాను, వచ్చే అక్టోబరుకి అప్లై చేస్తున్నా. ఏపీఎస్ సర్టిఫికెట్‌కి, అదే మన చదువు పత్రాలు అసలువేనని తనిఖీ చేసి ఇచ్చేదానికి, డాక్యుమెంట్లు పంపాలా, బ్లాక్డ్ అకౌంట్‌లో మొత్తం డబ్బు ఒకేసారి చూపించాలా? నెయ్యి తెచ్చుకోవచ్చా?

ఆఖన్_అక్క
ఏపీఎస్ తప్పనిసరి, 2022 నవంబరు నుంచి. బ్లాక్డ్ అకౌంట్ ఏడాదికి 11,904 యూరోలు, ముందే వేయాలి, ఇక్కడికొచ్చాక నెలకి 992 చొప్పున చేతికొస్తుంది. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి తేకు, పాలూ మాంసంతో చేసినవి ఐరోపాలోకి రానివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. తాజా కరివేపాకు కూడా కుదరదు. ఆవకాయ, కందిపొడి, కారం గట్టిగా ప్యాక్ చేసి తెచ్చుకో. మిగతావి వేరే థ్రెడ్ పెట్టి అడుగు తమ్ముడూ, ఇక్కడ రైలు టైములు మాట్లాడుకుంటున్నారు.